చిరివేరు పూవులో రెండు గోత్రములు

పుట్టపాక గ్రామమున నేయు తేలియా రుమాలును మీలో అనేకులు చూచియే యుందురు. ఆ గ్రామము చాలకాలము నల్లగొండ జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. అచ్చటి నేతగాండ్రు నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోను పలుమారులు నానబెట్టి, ఆరబెట్టి, పిమ్మట ఎరుపు నలుపు రంగులు పట్టించి రుమాళ్ళు నేయుదురు. 2020వ సంవత్సరమున ఆ వస్త్రమునకు భౌగోళిక గుర్తింపు గూడ లభించినది. అందలి ఎరుపు రంగునకు అలిజరిన్ అని పేరు. నేడది రసాయన కర్మాగారముల నుండి వచ్చుచున్నది. నూటయేబది యేండ్లకు పూర్వము మన తెలుగుదేశమున అట్టి ఎరుపు ఒక చిన్న మొక్క వేరునుండి వచ్చెడిది. ఆ మొక్క పేరు చిరివేరు. నేటి నా ప్రసంగము ఆ వేరుతో మొదలై ఆ పూవు దగ్గరకు పోవును. వేరును మన పెద్దలు వందల యేండ్లు త్రవ్విరి. పూవును నిలిచి చూచినవారు మాత్రము అరుదు. చూడనివారిలో నేనును ఒకడను. ఆ మాట ముందుముందు చెప్పెదను.

చిరివేరు జానెడు మొక్క. ఇసుకపాలు గల చల్కనేలలలోను, గట్ల మీదను, బీళ్ళలోను గడ్డిలో గడ్డియై పెరుగును. ఆకులు సన్ననివి. పూవులు తెల్లనివి, గుత్తులుగా పూయును, ఒక్కొక్క పూవు బియ్యపు గింజకంటె పెద్దది కాదు. నాలుగు రేకులు, నాలుగు కేసరములు, నడుమ ఒక కీలము. కాఫీ చెట్టును, మన పెరళ్ళలోని నూరువరహాల చెట్టును, తొగరు చెట్టును దీని దాయాదులే. ఈ మొక్కకు నేలలో సన్నని పొడవైన వేరుండును. ఆ వేరు పైతొక్కలో రంగుండును. పటిక పట్టించిన బట్టను ఈ వేరు వేసిన నీటిలో కాచినచో, పటిక తగిలిన చోటనెల్ల ఎరుపెక్కును. తగులని చోట నిలువదు. కరక్కాయ, పాలు, పటిక, చిరివేరు, ఈ సామగ్రితోనే మన అద్దకపువారు దేశదేశములను మెప్పించిరి.

కుతుబ్‌షాహీల యేలుబడిలో మచిలీపట్నము మహారేవు. 1611వ సంవత్సరమున ఇంగ్లీషు కంపెనీవారు అచ్చట కొఠీ పెట్టిరి. వారికి ముందే డచ్చివారు వచ్చియుండిరి. వీరందరు మన తీరమునకు వచ్చుటకు గల కారణములలో అద్దకపు బట్టలు ముఖ్యములు. గోలకొండనుండి మచిలీపట్నమునకు పోవు బాట మన నల్లగొండ సీమమీదుగనే పోయెడిది. పిమ్మట సామర్లకోటలో చిరకాలము నివసించిన రాక్స్‌బరో అను వృక్షశాస్త్రజ్ఞుడు, 1795లో వెలువడ నారంభించిన తన కోరమండల తీరపు మొక్కల గ్రంథమున చిరివేరునకు చిత్రపటమును వ్రాయించి, దానితో రంగు వేయు విధమును సవిస్తరముగా వర్ణించెను. వేరు విలువ అంతటిది.

1868వ సంవత్సరమున జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అను ఇద్దరు రసాయనవేత్తలు బొగ్గుతారులోని పదార్థమునుండి అదే ఎరుపును చేసిరి. మరుసటి యేడు ఇంగ్లాండులో పెర్కిన్ అనునాయన గూడ ఆ పని సాధించెను. కొలది కాలములోనే ఆ చౌకరంగు లోకమంతట వ్యాపించెను. వేరు త్రవ్వువారి పని తరిగిపోయెను. చిరివేరు మరల గడ్డిలో గడ్డియైనది. ఇంతవరకు వేరు కథ. ఇక పూవు కథకు నా సొంత ముచ్చటతో దిగవలసియున్నది.

1988వ సంవత్సరపు వానకాలము. పాలమూరు సీమలో ఒక చిన్న ఊరి బడిలో నేను తెలుగు పండితుడనుగా నుంటిని. ఉపాధ్యాయులు చాలనందున ప్రకృతిశాస్త్రపు పాఠము గూడ కొన్నాళ్ళు నా నెత్తిన పడినది. కావ్యములు, వ్యాకరణము చదివినవాడను. మొక్కలనుగూర్చి పుస్తకములో నున్నంతవరకే నా జ్ఞానము. పూవునకు రేకులు, కేసరములు, కీలము, అండాశయము అని నల్లబల్లపై బొమ్మ గీసి చెప్పి, మరునాడు ఏదైన పూవు తెచ్చి ఆ భాగములను చూపుడని పిల్లలకు చెప్పితిని. అందరును మందారములు, తంగేడు పూవులు తెచ్చిరి. గొర్రెలకాపరి యింటి బాలుడొకడు మాత్రము మోదుగాకు దొన్నెలో నలుసులవంటి తెల్లని పూవులు తెచ్చెను. అవి చిరివేరు పూవులు.

"సారూ, ఇవి రెండు తీర్లున్నయి. కొన్నిట్ల నడిమి పుల్ల బయటికొచ్చింది, పొడి లోపట ఉన్నది. కొన్నిట్ల పొడి బయటున్నది, పుల్ల లోపట్నే ఉన్నది" అని వాడనెను.

నా కండ్లకు అంత సూక్ష్మము కనబడలేదు. "ఒకటి లేతపూవు, ఇంకొకటి ముదురుపూవు. పూవు ముదిరిన కొలది పుల్ల పెరుగును" అని చెప్పితిని. అట్లని ఏ పుస్తకములోను చదివి చెప్పలేదు. తెలియదని చెప్పుటకు నోరురాక చెప్పితిని.

వాడు ఊరకుండలేదు. "కాదు సారూ, ఒక మొక్కకు అన్నీ ఒక్క తీరే ఉంటయి. లేతవైన గంతే, ముదురువైన గంతే. ఇంకొక మొక్కకు ఇంకొక తీరు" అనెను. తక్కిన పిల్లలు నవ్విరి. నేను వానిని కూర్చుండుమని గద్దించి పాఠము ముందునకు నడిపితిని.

శ్రోతలారా, ఆనాడు ఆ బాలుడు చెప్పిన రెండవ మాటలో నా తప్పునకు పూర్తి ఖండనము గలదు. వయస్సు వలన వచ్చిన భేదమైనచో ఒకే మొక్కపై రెండు తీరుల పూవులు నుండవలెను. ఒక మొక్కకు ఒకే తీరు పూవులు, పక్క మొక్కకు మరియొక తీరు పూవులు ఉన్నచో అది వయోభేదము కాదు, రూపభేదము. ఈ తర్కము నాకు తట్టలేదు, ఆ పసివానికి తట్టినది.

ఇప్పుడీ రూపభేద మేమో చూతము. చెట్లలో ఆడ, మగ యని యుండుట మీకు క్రొత్త కాదు. తాటిచెట్లలో పోతుతాడు వేరు, పెంటితాడు వేరు. పోతుతాడు కాయ కాయదు. ఈతచెట్టు సంగతియు అంతే. మన నల్లగొండ, మహబూబునగరు సీమల పాతపంటయైన ఆముదమును చూడుడు: ఒకే గెలలో అడుగున మగపూవులు, పైన ఆడపూవులు. వీనియందు పుప్పొడి ఒక పూవులో, కాయ మరియొక పూవులో. కాబట్టి ఒకదానికొకటి కావలసి వచ్చుట సులభముగా తెలియును.

చిరివేరు అట్టిది కాదు. దాని ప్రతి పూవులోను పుప్పొడియు ఉన్నది, కాయయగు అండాశయమును ఉన్నది. రెండు తీరుల మొక్కలును కాయలు కాయును. తేడా యెక్కడనన, ఒక తీరు పూవులో కీలము పొడుగు. దాని కొన పూవు మూతినుండి పైకి వచ్చి యుండును, కేసరములు గొట్టములో లోతున నుండును. రెండవ తీరు పూవులో కీలము పొట్టి. దాని కొన గొట్టములో లోతుననే ఆగును, కేసరములు మూతికడ నిలుచును. ఒకదానిలో పైనున్నది రెండవదానిలో క్రిందను, క్రిందనున్నది పైనను ఉండును. తాళమునకు చెవివలె ఒకదాని కేసరముల యెత్తు రెండవదాని కీలపు టెత్తునకు సరిపోవును. దీనికి భిన్నకీలత యని పేరు.

ఈ విచిత్రమును లోకమునకు విప్పి చెప్పినవాడు చార్లెస్ డార్విన్. ఇంగ్లాండులోని పచ్చికబయళ్ళలో వసంతకాలమున ప్రిమ్యులా యను చిన్న పూవులు పూయును. వానిలో ఈ రెండు రూపములు నున్నవని అచ్చటి తోటమాలులు ఎరుగుదురు. వేరువేరు పేర్లును పెట్టియుండిరి. పల్లెపిల్లలు గూడ ఎరుగుదురట. పూవులను ఒకదానిలో నొకటి దూర్చి దండలు చేయునప్పుడు పొడుగుకీలపు పూవులే వారికి అనువుగా కుదురునని డార్విన్ తన గ్రంథమున వ్రాసియున్నాడు. ఆ వాక్యము చదివినప్పుడు నాకు మోదుగాకు దొన్నె జ్ఞప్తికి వచ్చినది. శాస్త్రజ్ఞునికంటె ముందు పిల్లలు చూచిరి. అయితే ఆ శాస్త్రజ్ఞుడు పిల్లలు చూచినదానిని లెక్కలోనికి తీసికొనెను.

డార్విన్ గూడ మొదట పొరబడెను. పొడుగుకీలపు మొక్కలు క్రమముగా ఆడమొక్కలగుచున్నవనియు, పొట్టికీలపువి మగమొక్కలగుచున్నవనియు ఆయన ఊహ. అట్లయినచో పొడుగుకీలపు మొక్కలే ఎక్కువ విత్తులు కాయవలెను. ఆయన మొక్కలను గుర్తుపెట్టి, విత్తులు కూర్చి తూచి చూచెను. లెక్క తారుమారైనది, పొట్టికీలపువే ఎక్కువ కాచినవి. అంతట తన ఊహను విడిచిపెట్టి, పురుగులు రాకుండ మొక్కలపై వల కప్పి, తన చేతితో పుప్పొడిని ఒక పూవునుండి మరియొక పూవునకు చేర్చి, ఏ జతకు ఎన్ని విత్తులు వచ్చునో పరీక్షించెను. పొడుగుకీలపు పూవునకు పొట్టికీలపు పూవు పుప్పొడి వేసినప్పుడును, పొట్టికీలపు పూవునకు పొడుగుకీలపు దాని పుప్పొడి వేసినప్పుడును విత్తులు దండిగా వచ్చెను. ఒకే తీరు పూవుల నడుమ జతకూర్చినప్పుడు విత్తులు తగ్గెను. 1861 నవంబరులో ఈ విషయమును లండనులోని లిన్నేయసు సంఘమున చదివెను, 1862లో అచ్చుపడెను. 1877లో ఒకే జాతి మొక్కలలోని వేరువేరు పూవు రూపములనుగూర్చి పూర్తి గ్రంథమునే వెలువరించెను. తాను కనిపెట్టిన చిన్న విషయములలో ఈ పూవుల అంతరార్థము తెలియుటవలె మరేదియు తనకు ఆనందము నీయలేదని ఆత్మకథలో చెప్పుకొనెను.

దీని పని యెట్లు జరుగునో చెప్పెదను. ఒక సీతాకోకచిలుక తేనెకై పొడుగుకీలపు పూవులో తొండము దూర్చినదనుకొనుడు. కేసరములు లోతున నున్నవి గనుక పుప్పొడి దాని తొండపు కొనకు అంటును. అది పోయి పొట్టికీలపు పూవు మీద వాలినప్పుడు, ఆ పూవులో కీలపు కొనయు లోతుననే యున్నది. తొండపు కొననున్న పుప్పొడి సరిగా దానికి తగులును. అదే సమయమున ఆ పూవు మూతికడ నున్న కేసరముల పొడి దాని తొండపు మొదటను, తలపైనను అంటును. మరల పొడుగుకీలపు పూవునకు పోయినప్పుడు ఆ పొడి పైకివచ్చిన కీలపు కొనకు తగులును. పురుగునకు ఈ సంగతి యేదియు తెలియదు. అది తన ఆకలి తీర్చుకొనుచున్నది; పూవు కట్టడమే దాని రాకపోకలను పెండ్లిరాయబారములుగా మార్చుచున్నది.

అయినను పుప్పొడి దారితప్పి సొంత పూవు కీలముపై పడుట లేకపోలేదు. అందులకు రెండవ కట్టుబాటు గలదు. భిన్నకీలత గల మొక్కలలో సాధారణముగా తన పుప్పొడి గాని, తన తీరుదే యైన మరియొక మొక్క పుప్పొడి గాని కీలముపై పడినను అది మొలకెత్తి అండమువరకు పోజాలదు, నడుమనే ఆగిపోవును. మన యిండ్లలో సగోత్రీకులకు వివాహము చేయము గదా. పిల్ల ఎంత చక్కనిదైనను, పిల్లవాడు ఎంత యోగ్యుడైనను, గోత్రము ఒక్కటే యైనచో మాట అక్కడనే ఆగును. ఈ మొక్కల జాతిలో రెండే గోత్రములు: పొడుగుకీలపు గోత్రము, పొట్టికీలపు గోత్రము. సంబంధము ఎప్పుడును రెండవ గోత్రములోనే.

మన గోత్రము తండ్రినుండి వచ్చును. వీని గోత్రము వచ్చు దారి వేరు. 1905వ సంవత్సరమున ఇంగ్లాండులో బేట్సన్, గ్రెగరీ యను ఇద్దరు ప్రిమ్యులాను పెంచి ఆ దారిని కనుగొనిరి. సులభముగా చెప్పవలెనన్న, ప్రతి మొక్కకు తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు వచ్చును. పొట్టికీలపు మొక్కకు గల రెండు పాళ్ళలో ఒకదానిపై ఒక ముద్ర యుండును, రెండవదానిపై నుండదు. పొడుగుకీలపు మొక్కకు రెండింటను ముద్ర లేదు. ఈ రెండు మొక్కలకు జత కుదిరినప్పుడు, సంతానములో ఇంచుమించు సగమునకు ముద్ర వచ్చును, సగమునకు రాదు. కాబట్టి తరతరములకును రెండు గోత్రములు సమానముగా నిలుచును. 2016వ సంవత్సరమున ప్రిమ్యులాపై జరిగిన పరిశోధనలో ఆ ముద్రయందు 5 జన్యువులున్నవనియు, అవి పొట్టికీలపు మొక్కలలో మాత్రమే యుండుననియు తేలినది. నూటపదునొకండేండ్ల నాటి లెక్క తప్పలేదు.

ఇంత కట్టుదిట్టమెందులకని మీరడుగవచ్చును. అన్ని మొక్కలకును ఇది అవసరము కాదు. వరి చాలవరకు తన పుప్పొడితోనే గింజ కట్టును. కాని అనేక జాతులలో తనతో తానే కలిసిన సంతానము బలహీనమగును. డార్విన్ 11 ఏండ్లు మొక్కలను రెండు విధములుగా పెంచి పోల్చి, పరసంపర్కమున పుట్టినవి సాధారణముగా ఎత్తు, బలము, విత్తులు అధికముగా గలవని 1876లో ప్రకటించెను. కలయికవలన సంతానమున వైవిధ్యము వచ్చును. ఒక యేడు వాన తప్పినను, తెగులు వచ్చినను అన్నియు ఒక్కసారిగా పోవు. మెట్టపంటలో రెండుమూడు గింజలు కలిపి చల్లిన మన పూర్వులకు ఈ న్యాయము క్రొత్త కాదు.

మూడు రూపములు గల పూవులు గూడ నున్నవి. మన గోరింటకు దాయాదియైన లైత్రమ్ అను మొక్కలో పొడుగు, నడితరము, పొట్టి యని మూడు కీలములున్నవని డార్విన్ 1864లో వివరించెను. మన చెరువులను మింగుచున్న గుర్రపుడెక్కయు మూడు రూపములదే. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. అచ్చట మూడు రూపములును గలవు. మనుష్యులు దాని పూవు సొగసునకు మురిసి దేశదేశములకు కొనిపోయినప్పుడు ముఖ్యముగా నడితరపు కీలము గల రూపమే వ్యాపించినది. రెండవ గోత్రములు వెంట రాలేదు. అది ప్రధానముగా పిలకలతోనే పెరుగుచున్నది. తల్లి యెట్టిదో పిలకయు అట్టిదే. చెరువంతయు నిండినట్లు కనబడును గాని, ఆ నిండుదనములో చాలపాలు ఒకే మొక్క పలుమారులు నిలిచియుండుటయే.

ఇక మన చిరివేరునొద్దకు మరల వత్తము. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున బీర్ బహదూర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మొక్కను చేపట్టెను. దీనియందలి భిన్నకీలతనుగూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1963వ సంవత్సరమున జన్యుశాస్త్ర పత్రికలో వెలువడినది. అది సామాన్యమైన పత్రిక కాదు. 1910లో దానిని స్థాపించినవారిలో, ప్రిమ్యులా గోత్రముల లెక్క తేల్చిన బేట్సనే ఒకడు. 1963 నాటికి దాని సంపాదకుడు హాల్డేన్. ఆ మహావిద్వాంసుడు 1957లో ఇంగ్లాండును విడిచి మన దేశమునకు వచ్చి, ఆ పత్రికను గూడ వెంట తెచ్చుకొని, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఇంగ్లాండు పచ్చికబయళ్ళలో మొదలైన విచారణ మన గట్టుమీది గడ్డిపూవువరకు వచ్చి చేరినది. బీర్ బహదూర్ పిమ్మట వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయమున గూడ పనిచేసెను. చిరివేరు, కాఫీ చేరిన కుటుంబమున ఇట్టి పూవులు తక్కిన అన్ని కుటుంబములలోకంటె ఎక్కువ జాతులలో నున్నవి.

1963వ సంవత్సరము. నేను బాలుని గద్దించినది 1988. ఆ మొక్క సంగతి అప్పటికి పాతికేండ్ల క్రిందటనే అచ్చుపడియున్నది. అదియు ఏ లండనులోనో చేసిన పని కాదు, మా ఊరినుండి ఒక పూట ప్రయాణములోనున్న హైదరాబాదులోనిది. ఆ కాగితము నా చేతికి రాలేదు, నేను వెదకలేదు. అది ఇంగ్లీషులో నున్నది. గొర్రెలకాపరి కొడుకు తెలుగులో అడిగెను. నడుమ నిలువవలసిన వంతెనను నేను. జీతము తీసికొన్నది ఆ పనికే. ఉద్యోగ విరమణానంతరము ఒక గ్రంథాలయమున మొక్కలనుగూర్చిన పుస్తకమును తిరుగవేయుచుండగా ఈ సంగతి కంటబడినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి వానకాలమున నేనా ఊరికి పోయితిని. ఆ బాలుడిప్పుడు నడివయస్సువాడు, పిల్లల తండ్రి, అచ్చటనే సేద్యము చేసికొనుచున్నాడు. అరుగుమీద కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఏం సారూ, గింత దూరమొచ్చిన్రు" అని అడిగెను. నేను సంగతియంతయు చెప్పి, ఆనాడు నీవు చెప్పినదే నిజము, నేను చెప్పినది తప్పు అని ఒప్పుకొంటిని. అతడు కొంతసేపు ఆలోచించి, "నాకు యాదికి లేదు సారూ" అనెను.

నాకు ముప్పదియేండ్లకు పైగా గుర్తున్న మాట అతనికి గుర్తు లేదు. మరచిపోవుట అతనికి మేలో కీడో నేను చెప్పజాలను. ఆనాడు నేను "ఏదీ, చూతము పద" అని యున్నచో అతనికి గుర్తుండియుండునేమో.

ఆ సాయంకాలము ఇద్దరమును అతడు చిన్ననాడు గొర్రెలు కాచిన గట్టునకు పోయితిమి. గట్టుమీద గడ్డిమందు కొట్టియుండిరి. ఎండిన కసవు తప్ప ఏమియు లేదు. ఇంకను పైకి పోగా, నాగలి తగులని ఒక రాళ్ళబీడులో చిరివేరు కనబడినది. నేను భూతద్దము తీసి ఇచ్చితిని. అతడు మోకాళ్ళమీద కూర్చుండి, ఒక మొక్క పిమ్మట ఒక మొక్కను చూచుచు, "గిది పొడుగు పుల్ల, గిది పొట్టిది, గిది పొట్టిది, గిది పొడుగు" అని చెప్పుచుండెను. ఇంచుమించు సగము సగముగా నున్నవి.

ఊరి పెద్దలైన మీతో ఈ ముచ్చట చెప్పుటకు కారణము గలదు. మీలో కొందరు పంచాయతీలో మాట చెల్లువారు. గట్లను, బీళ్ళను, చెరువు శిఖములను ఏమి చేయవలెనో నిర్ణయించువారు. ఇట్టి మొక్కకు ఒక్క మొక్క మిగిలిన చాలదు. రెండవ తీరు మొక్కయు దగ్గరలో నుండవలెను; ఆ రెండింటి నడుమ తిరుగు ఈగ, సీతాకోకచిలుక యుండవలెను. గట్టుమీది గడ్డినంతయు మందుతో మాడ్చినచోటను, బీడునంతయు దున్ని చదును చేసినచోటను మొదట మొక్కలు పలుచబడును, పిమ్మట ఒక గోత్రము కరవగును, అటుపిమ్మట మిగిలినది పూచియు కాయక నిలుచును. పూవులున్నవి గదాయని మనము చూచి పోవుదుము. దాని వంశము అప్పటికే ఆగియుండును. పొలము గట్టున ఒక మూరెడు గడ్డిని మందు కొట్టక విడుచుట పెద్ద నష్టము కాదు. వేరు కొరకు గాని మందు కొరకు గాని మొక్కలు పెరుకువారు ఒకచోటివన్నియు పెరుకక, కొన్నింటిని విత్తునకు విడువవలెను.

రెండవ విన్నపము బడిపిల్లలనుగూర్చినది. మీ మనుమడో మనుమరాలో గడ్డిపూవొకటి తెచ్చి, ఇది వేరు తీరుగా నున్నదని చెప్పినచో, తెలియని సమాధానము తెలిసినట్లు చెప్పకుడు. నేను చెప్పి ముప్పదియేండ్లు మోసితిని. లేచి ఆ బిడ్డ వెంట మొక్కకడకు పొండు. పక్క మొక్కను గూడ చూడుడు. తేడా కనబడినచో లెక్కపెట్టుడు. కనబడనిచో, నా కండ్లు ముసలివి, నీవే మరల చూచి చెప్పుమనుడు.